పికనేమన్యాయము – పాత ఆంగ్లపదాలు: ఉదయగిరి, ఆత్మకూరు సీమల దేవమాన్యాల కథ



పూర్వమీమాంసాశాస్త్రంలో ప్రథమాధ్యాయం, తృతీయపాదంలో ఒక చిన్న అధికరణమున్నది. దానికి పికనేమాధికరణమని పేరు. పిక, నేమ, సత, తామరస అనే పదాలు వైదికవాఙ్మయంలో కనిపిస్తాయి. ఆర్యుల వ్యవహారంలో వాటికి ప్రసిద్ధి లేదు. మ్లేచ్ఛుల వ్యవహారంలో మాత్రం పికమంటే కోకిల, నేమమంటే సగము, తామరసమంటే పద్మము. మరి వైదికుడు ఏ అర్థాన్ని గ్రహించాలి? నిగమనిరుక్తవ్యాకరణాల సహాయంతో ధాతువులను విడదీసి స్వబుద్ధితో ఒక అర్థాన్ని కల్పించుకోవాలా, లేక మ్లేచ్ఛప్రసిద్ధిని ఆదరించాలా? శబరస్వామి సిద్ధాంతం సుస్పష్టము. ఆ మాటను ఎవరు వాడుతున్నారో వారి వ్యవహారమే అర్థనిర్ణయానికి ప్రమాణము. ధర్మానికి విరోధము లేనప్పుడు మ్లేచ్ఛుని మాటకు మ్లేచ్ఛుడే సాక్షి.

ఈ న్యాయము యజ్ఞశాలకే పరిమితమైనది కాదు. నెల్లూరు జిల్లా పశ్చిమభాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు సీమలలో గ్రామగ్రామాన ఉన్న చిన్న దేవాలయాలకు దీపారాధన ఏ భూమి వలన జరుగుతున్నదో, ఆ భూమి ఎవరిదో తెలుసుకోవాలంటే పికనేమన్యాయమే శరణ్యము. ఎందుకనగా ఆ భూముల చరిత్ర నూటయాభై ఏండ్లకు పైగా ఆంగ్లభాషలో నిక్షిప్తమై ఉన్నది. అది నేటి ఆంగ్లము కాదు. దానిలోని పదాలు కొన్ని మరణించినవి, కొన్ని అర్థం మార్చుకొన్నవి.

ఉదయగిరి – దిగరి

ఉదయగిరి విజయనగరకాలంలో ఒక రాజ్యానికి ముఖ్యస్థానము. గజపతుల వశమైన ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1514లో సాధించినాడు. దుర్గంలోని బాలకృష్ణస్వామి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకొనిపోయి, ఆలయము కట్టించి, ప్రతిష్ఠ చేసినాడు. హంపిలోని కృష్ణాలయ శాసనము ఈ వృత్తాంతానికి సాక్షి. రాయల అనంతరము విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు అశ్వవర్తకుడు నూనిజ్ ఈ ముట్టడి ఏడాదిన్నర కాలము సాగినదని వ్రాసినాడు. ఆయన వ్రాతలో ఉదయగిరి పేరు ‘దిగరి’ అయినది. రాబర్టు సూయెల్ 1900లో ప్రకటించిన గ్రంథంలో ఆ వృత్తాంతము ఆంగ్లంలోకి వచ్చినది.

ఆ గ్రంథాన్ని చదివి దిగరి అనే ఊరు ఎక్కడ ఉన్నదని వెదకితే దొరకదు. నూనిజ్ చెవికి ఏమి వినబడినదో ఊహించగలిగితేనే ఉదయగిరి దుర్గము కనిపిస్తుంది. పరభాషలో వ్రాసిన మన చరిత్రను చదవడానికి ఇది మొదటి పాఠము.

జెంటూ

రెండవ పాఠము మన జాతినామానికే సంబంధించినది. పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్లగ్రంథాలలో ‘జెంటూ’ అనే పదము తరచుగా వస్తుంది. దీనికి మూలము పోర్చుగీసు భాషలోని ‘జెంతియు’. అన్యమతస్థుడని దాని అర్థము. ముస్లిములను ‘మూరు’లని, హిందువులను ‘జెంటూ’లని పాశ్చాత్యులు వ్యవహరించినారు. 1776లో హాల్‌హెడ్ ఆంగ్లీకరించిన ధర్మశాస్త్రసంగ్రహానికి ‘జెంటూ న్యాయముల స్మృతి’ అని పేరు. వంగదేశంలో పదకొండుగురు పండితులు కూర్చిన వివాదార్ణవసేతువే దానికి ఆధారము. అక్కడ జెంటూ అంటే హిందువు.

చెన్నపట్టణంలో అదే పదానికి అర్థము సంకుచితమైనది. అక్కడ జెంటూ అంటే తెలుగువాడు, తెలుగుభాష. 1816లో క్యాంబెల్ తన వ్యాకరణానికి ‘తెలూగూ’ వ్యాకరణమని పేరు పెట్టినాడు. మరుసటి సంవత్సరమే విలియం బ్రౌన్ అదే భాషకు వ్రాసిన వ్యాకరణము ‘జెంటూ’ వ్యాకరణమైనది. ఒకే పట్టణము, ఒకే కాలము, ఒకే భాష, పేర్లు రెండు. కలకత్తాలో హిందువని చెప్పిన పదము చెన్నపట్టణంలో తెలుగువాడని చెప్పినది. దేశకాలాలను విడిచి పదార్థము లేదనడానికి ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

పగోడా

నేడు పగోడా అనగానే చీనా, బర్మా దేశాల బౌద్ధాలయాలు స్మరణకు వస్తాయి. పాత ఆంగ్లంలో ఈ పదానికి మూడు అర్థాలు. మొదటిది దేవాలయము, రెండవది అందలి విగ్రహము, మూడవది బంగారు నాణెము. మనము వరహా అన్నదానిని వారు పగోడా అన్నారు. 1818లో చెన్నపట్టణ ప్రభుత్వము రూపాయిని ప్రధాననాణెముగా స్వీకరించి, నూరు వరహాలకు మూడువందల యాభై రూపాయలని నిర్ణయించినది. పదవ్యుత్పత్తి విషయంలో విద్వాంసులకు ఏకాభిప్రాయము లేదు. కొందరు ‘భగవతి’ శబ్దమన్నారు, కొందరు విగ్రహగృహమనే అర్థముగల పారసీకపదమన్నారు. యూల్, బర్నెల్ అనే ఇద్దరు కూర్చిన ‘హాబ్సన్ జాబ్సన్’ కోశము 1886లో వెలువడినది. ఈ పదాల అర్థభేదాలను అది ఉదాహరణపూర్వకముగా చూపినది. వారిలో బర్నెల్ తంజావూరు సంస్కృత తాళపత్రాలకు సూచిక కూర్చిన విద్వాంసుడు. గ్రంథము వెలువడకమునుపే 1882లో ఆయన గతించినాడు.

దేవాలయానికి, విగ్రహానికి ఒకే పదమనుట వారి అజ్ఞానమని త్రోసివేయరాదు. ‘పగోడా నిర్వహణార్థము’ ఇచ్చిన మాన్యమని పాత దస్తరంలో ఉంటే, భూమి కట్టడానికి చెందినదా, అందలి దేవతకు చెందినదా? ఇది మీమాంసకులకు పరిచితమైన ప్రశ్నయే. దేవగ్రామము, దేవక్షేత్రము అనే మాటలు ఉపచారమాత్రమని, దేవత లౌకికరీతిగా భూమిని అనుభవించదని శబరస్వామి నవమాధ్యాయంలో అన్నాడు. ఆగమశాస్త్రాలు మాత్రము ప్రతిష్ఠితమైన మూర్తియందు భగవత్సాన్నిధ్యాన్ని చెప్పి, స్వామినే స్వామిగా నిలిపినవి. 1925లో ప్రివీ కౌన్సిల్ హిందూ దేవతామూర్తికి న్యాయదృష్టిలో వ్యక్తిత్వమున్నదని అంగీకరించినది. ఆలయము శిథిలమైనా స్వామి సొత్తు శిథిలము కాదు.

ఫెయిర్, క్విట్ రెంట్, ఎన్‌ఫ్రాంచైజ్

1801లో కర్ణాటక నవాబు పాలనాధికారము కంపెనీకి సంక్రమించినది. దానితో నెల్లూరు సీమ వారి వశమైనది. పూర్వరాజులు, పాళెగాండ్రు, నవాబులు ఇచ్చిన మాన్యాలు అసంఖ్యాకముగా ఉన్నవి. వాటిని పరీక్షించి స్థిరపరచడానికి 1858లో మద్రాసు రాజధానిలో ఇనాము కమిషన్ ఏర్పడినది. జి. ఎన్. టెయిలర్ దానికి కమిషనర్. అధికారులు ఒక్కొక్క మాన్యాన్ని విచారించినారు. దాత ఎవరు, గ్రహీత ఎవరు, దాన ప్రయోజనమేమి, ప్రస్తుతానుభవము ఎవరిదని గడుల వారీగా వ్రాసినారు. ఆ గ్రంథమే ‘ఇనాం ఫెయిర్ రిజిస్టర్’.

ఇక్కడ ఫెయిర్ అంటే తిరునాళ్ళు కాదు, న్యాయము కాదు. చిత్తుప్రతిని సరిచూసి శుద్ధముగా వ్రాసిన ప్రతి అని అర్థము. పాఠశాలలో పిల్లలు రఫ్, ఫెయిర్ అని వ్రాసుకొనే పుస్తకాలలో ఈ ప్రాచీనార్థము ఇంకా సజీవముగా ఉన్నది. పేరులోని ఈ ఒక్క పదము ఇది తుదినిర్ణయమైన శుద్ధప్రతి అని చెబుతున్నది. ప్రివీ కౌన్సిల్ కాలము నుండి నేటివరకు న్యాయస్థానాలు మాన్యవివాదాలలో దీనిని గొప్ప ప్రమాణముగా స్వీకరిస్తున్నవి.

రెండవపదము క్విట్ రెంట్. క్విట్ అనగానే విడిచిపోవుట అని నేటివారికి తోస్తుంది. ‘విడిచిపెట్టిన శిస్తు’ అని భ్రమించినవారూ ఉంటారు. మధ్యయుగపు ఇంగ్లండులో భూస్వామికి చేయవలసిన సేవలకు బదులుగా కొంత రొక్కము చెల్లించి, ఆ సేవల నుండి విముక్తి పొందేవారు. ఆ రొక్కమే క్విట్ రెంట్. ఇక్కడ క్విట్ అంటే విముక్తుడని అర్థము. మన సీమలో మాన్యభూములపై నామమాత్రముగా చెల్లించే పన్నును జోడి అన్నారు. జోడి చెల్లించినంతమాత్రాన మాన్యము సాధారణ శిస్తుభూమి కాలేదు.

మూడవది అత్యంత ప్రమాదకరమైన పదము, ఎన్‌ఫ్రాంచైజ్. నేటి ఆంగ్లంలో దీనికి ఓటు హక్కునిచ్చుట అని ప్రసిద్ధి. దాని మూలంలో ఉన్నది ‘స్వేచ్ఛ’. ఇనాము కమిషన్ పరిభాషలో, భూమిని దానికి అంటియున్న నిబంధనల నుండి విడిపించి అనుభవదారునికి సొంత ఆస్తిగా చేయుట ఎన్‌ఫ్రాంచైజ్. వ్యక్తిగత ఇనాముదారునికి క్విట్ రెంట్ చెల్లించి ఈ స్వేచ్ఛను పొందే అవకాశము ఇచ్చినారు. దేవాదాయ, ధర్మాదాయ మాన్యాలను అలా చేయలేదు. సేవ జరుగుతున్నంతకాలము అనే నిబంధనతో వాటిని ‘కన్ఫర్మ్’ చేసినారు, అనగా యథాస్థితిగా స్థిరపరచినారు.

ఒకే గ్రామంలో ఒకే గట్టుకు ఇరువైపులా రెండు మాన్యాలు ఉండవచ్చు. ఒకటి పండితుని పాండిత్యానికి ఇచ్చిన శ్రోత్రియము, రెండవది స్వామి ధూపదీపనైవేద్యాలకు ఇచ్చినది. మొదటిదానిని ఎన్‌ఫ్రాంచైజ్ చేసి ఉంటే వంశస్థులు అమ్ముకొన్నా దోషము లేదు. రెండవది కన్ఫర్మ్ అయినది గనుక అమ్మే అధికారము అర్చకునికి లేదు, ధర్మకర్తకు లేదు. 1956లో ఆంధ్రప్రాంతానికి ఇనాముల రద్దు చట్టము వచ్చి వాటిని రైత్వారీగా మార్చినది. అప్పుడు కూడా ఆ భూమి సంస్థదా, వ్యక్తిదా అన్న ప్రశ్నయే ప్రధానమైనది. ఆ ప్రశ్నకు సమాధానము వెదకడానికి తిరిగి ఆ ఫెయిర్ రిజిస్టర్‌నే తెరవవలసి వచ్చినది.

ఈ పదాన్ని తప్పుగా చదివితే రెండువిధాల అధర్మము సంభవిస్తుంది. స్వామి భూమి వ్యక్తి పాలైతే దేవస్వాపహరణము. కష్టించి బ్రతికే కుటుంబపు న్యాయమైన సొత్తును దేవుని పేరిట లాగుకొంటే అదీ పాపమే. భక్తులు మొదటిదానిని గురించి ఆవేశపడతారు. రెండవదానిని విస్మరిస్తారు. పదార్థనిర్ణయము ఉభయులకూ రక్ష.

శిలాక్షరము – కాగితపు అక్షరము

1905లో బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టి అనే ఇద్దరు నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా ప్రకటించినారు. ఒకరు ఆంగ్లాధికారి, మరొకరు తెలుగువారు. తాలూకాల వారీగా కూర్చిన ఆ సంపుటాలలో ఆత్మకూరు, ఉదయగిరి సీమల శాసనాలూ ఉన్నవి.

పూర్వశాసనాల పరిభాష వేరు. ధారాపూర్వకముగా, ఆచంద్రార్కస్థాయిగా, అంగరంగభోగాలకు అని దాతలు శిలమీద చెక్కించినారు. ధారాపూర్వకమంటే ఉదకము వదలి, తన స్వత్వాన్ని పూర్తిగా త్యజించి ఇచ్చుట. ఆచంద్రార్కమంటే సూర్యచంద్రులు ఉన్నంతవరకు. కమిషన్ ఆ స్థానంలో సేవ జరుగుతున్నంతకాలము అన్నది. దాత సంకల్పంలో కాలానికి సూర్యచంద్రులు ప్రమాణము. దస్తరంలో కాలానికి సేవయే ప్రమాణము. ఈ భేదము స్వల్పము కాదు. అర్చన ఆగిపోతే భూమికి ఆధారము సడలుతుందని ఆ ఆంగ్లవాక్యము హెచ్చరిస్తున్నది. సీతారాంపురము దాపున కొండలలో వెలసిన ఘటికసిద్ధేశ్వరము వంటి క్షేత్రాలకు భక్తజనము స్వయముగా తరలివస్తారు. పదిమందీ రాని చిన్న గ్రామాలయానికి నిత్యదీపమే సాక్ష్యము.

ఫలశ్రుతి

మంత్రాలకు అర్థము లేదన్న కౌత్సునికి యాస్కమహర్షి ఇచ్చిన సమాధానము ప్రసిద్ధము. చూపులేనివానికి స్తంభము కనబడకపోతే అది స్తంభము దోషము కాదన్నాడు. పాత దస్తరాలు అర్థము కావని వాటిని చెదలకు విడిచిపెట్టేవారికీ ఆ సమాధానమే వర్తిస్తుంది.

కావున తమ గ్రామాలయ మాన్యాన్ని గురించి విచారించే భక్తులు మొదట ఫెయిర్ రిజిస్టర్ నకలును సంపాదించి, దాత ఎవరు, ప్రయోజనమేమి, ఎవరి పేరిట స్థిరపరచినారు అన్న మూడు గడులను శ్రద్ధగా చదవాలి. పగోడా, క్విట్ రెంట్, ఎన్‌ఫ్రాంచైజ్ అన్న పదాలు ఎదురైనప్పుడు నేటి నిఘంటువుతో తృప్తిపడక, ఆ కాలపు అర్థాన్ని తెలిసినవారిని ఆశ్రయించాలి. వేదంలోని పికశబ్దానికి మ్లేచ్ఛుని అడుగవచ్చునన్నది మన శాస్త్రము. అటువంటప్పుడు స్వామి దీపము కొరకు పాత ఆంగ్లాన్ని అభ్యసించుట స్వధర్మానికి విరుద్ధమెట్లా అవుతుంది? అదీ ఒక కైంకర్యమే.