సూరత్ ఉద్గారాల మార్కెట్

గుజరాత్‌లోని సూరత్‌లో పరిశ్రమలు తమ చిమ్నీల నుంచి వెలువడే ధూళికి పర్మిట్లు కొని, అమ్ముకునే వ్యవస్థ ఇది. భారతదేశంలో ఇలాంటి వాటిలో మొదటిది. 2019 జూన్ 5న ప్రారంభమైంది. విశ్వవిద్యాలయ పరిశోధన నేరుగా ఫ్యాక్టరీ నిర్వహణలోకి చేరిన అరుదైన ఉదాహరణ.

సూరత్ సింథటిక్ వస్త్రాల నగరం. అక్కడి అద్దకం మిల్లులు ఆవిరి కోసం బొగ్గు, లిగ్నైట్ కాలుస్తాయి. తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఆ ఊరి మరమగ్గాల మీదే బతుకుతున్నాయి. ఆ గాలి మనవాళ్ళు పీల్చేదే.

ఈ మార్కెట్‌కు ముందు ఆడిటర్ల మీద ఒక అధ్యయనం జరిగింది. గుజరాత్‌లో ఫ్యాక్టరీ కాలుష్యాన్ని కొలిచే ఆడిటర్‌ను ఆ ఫ్యాక్టరీయే ఎంచుకుని, ఫీజు కూడా తానే చెల్లించేది. ఆర్థికవేత్తలు ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికోలస్ ర్యాన్ 2009-11 మధ్య అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల్లో 473 ఫ్యాక్టరీలతో ఈ పద్ధతిని మార్చి పరీక్షించారు. కొన్నింటికి ఆడిటర్లను లాటరీ పద్ధతిలో కేటాయించి, ఉమ్మడి నిధి నుంచి ఫీజు ఇచ్చారు. వారి లెక్కలను మళ్ళీ తనిఖీ చేయించారు. పరిమితి దాటినా దాటలేదని రాసే తప్పుడు నివేదికలు 80 శాతం తగ్గాయి. కాలుష్యమూ తగ్గింది. 2015లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి ఈ కేటాయింపు పద్ధతిని నిబంధనగా తెచ్చింది.

మార్కెట్ ఆలోచన 2010 నాటిది. అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దాన్ని ముందుకు తెచ్చారు. అమలుకు తొమ్మిదేళ్ళు పట్టింది. చిమ్నీలో ధూళిని నిరంతరం కొలిచే పరికరాలు బిగించి, వాటి అంకెలు నమ్మదగ్గవని తేల్చుకోనిదే పర్మిట్ల వ్యాపారం సాగదు. పరిశోధకులు, మండలి అధికారులు కలిసి చేసిన ఈ ఓపికైన పనే మొత్తం ప్రయత్నానికి ప్రాణమని చెప్పాలి.

317 ఫ్యాక్టరీలలో 162ను లాటరీతో మార్కెట్లోకి తెచ్చారు. మిగిలినవి పాత నిబంధనల కిందే నడిచాయి. మొత్తం ధూళికి పరిమితి పెట్టి, పర్మిట్లలో 80 శాతం ఉచితంగా ఇచ్చి, మిగతావి వేలం వేశారు. తక్కువ ఖర్చుతో పొగ తగ్గించగల మిల్లు మిగిలిన పర్మిట్లను అమ్ముకుంటుంది. తగ్గించడం భారమైన మిల్లు కొనుక్కుంటుంది. పాత నిబంధనల కింద ఉన్న ఫ్యాక్టరీలతో పోలిస్తే ఉద్గారాలు 20 నుంచి 30 శాతం తగ్గాయి. అంతే స్థాయి ఉద్గారాలకు, తగ్గించడానికయ్యే ఖర్చూ 11 శాతం పడిపోయింది. నియమాన్ని లాభసాటిగా మలిస్తే యజమాని పాటిస్తాడని ఇక్కడ కనిపించింది.

గ్రీన్‌స్టోన్, పాండే, ర్యాన్, అనంత్ సుదర్శన్ రాసిన ఈ పరిశోధన పత్రం క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో 2025లో అచ్చయింది. అంతకు ముందే, 2023లో, ఈ మార్కెట్‌ను అహ్మదాబాద్‌కు విస్తరించారు.