గంజి వార్చని అన్నము



నేటి నా ప్రసంగమునకు విషయము ఒక వంటకము. దాని పేరు రిసొట్టో. అది ఇటలీ దేశపు అన్నము. కోడిమాంసపు రసములో బియ్యము నుడికించి, పాయసమువలె మెల్లగా జారునట్లు దించుట దాని లక్షణము. నంద్యాలలోను, ఆళ్లగడ్డలోను బిడ్డలు విదేశములందు కొలువు చేయుచున్న కొన్ని యిండ్లకు విద్యుత్తుతో పనిచేయు ప్రెషర్ కుక్కరులు వచ్చుట నేను చూచితిని. వానివెంట ఈ వంటకమును వచ్చినది. చరిత్ర చెప్పవలసిన బడిపంతులు వంట చెప్పనేల యని మీరడుగవచ్చును. కోటలకును, రాజులకును చరిత్ర యున్నట్లే పొయ్యిమీది కుండకును చరిత్ర కలదు. అందు నీటి చరిత్రయు, విత్తనపు చరిత్రయు, వండువారి శ్రమయు కలసి ఉడుకుచుండును.

మొదట పేరు విచారింతము. ఇటలీ భాషలో రీసో యనగా బియ్యము. ఆ మాటకు మూలము గ్రీకు భాషలోని ఒరుజా. ఆ ఒరుజాకును మన సంస్కృతములోని వ్రీహి శబ్దమునకును చుట్టరికము కలదని భాషావేత్తలు చెప్పుదురు. గింజ తూర్పునుండి పడమటికి పోవుచు తన పేరునుగూడ మూట గట్టుకొని పోయినదన్నమాట. మాంసముతో అన్నము వండుటయు మనకు క్రొత్త కాదు. బృహదారణ్యకోపనిషత్తునందు క్షీరోదనము, దధ్యోదనము, తిలోదనములతోపాటు మాంసౌదనమును పేర్కొనబడియున్నది. కావున ఇది యెక్కడి మ్లేచ్ఛపాకమని ముఖము త్రిప్పుకొన బనిలేదు. తినువారు తిందురు, తిననివారు కోడికి బదులు కూరగాయలు వేసికొందురు.

ఇటలీలో వరిసేద్యము పదునైదవ శతాబ్దమునాటికి పో నదీతీరమున వేరూనినది. 1475లో మిలాను ప్రభువు ఫెరారా ప్రభువునకు విత్తనపు వడ్లు పంపుటకు వ్రాసిన లేఖ యొకటి చరిత్రలో ప్రసిద్ధము. అటుపిమ్మట నాలుగువందల యేండ్లకు, 1863లో, పియెడ్మాంటు సీమవారు పో నదినుండి కవూర్ కాలువ త్రవ్వ నారంభించి 1866లో ముగించిరి. దాని పొడవు ఇంచుమించు 85 కిలోమీటర్లు. ఆ నీటితో వెర్చెల్లి, నొవారా ప్రాంతములు వరిపొలములకు పెట్టినది పేరైనవి. ఆ సీమలోని ఆర్బోరియో యను గ్రామము పేరనే రిసొట్టోకు వాడుకైన పొట్టిగింజ వరి వెలసినది.

ఇక మన సీమకు వత్తము. సరిగా ఆ 1863వ సంవత్సరముననే కర్నూలు కడప కాలువ పని మొదలైనది. అది 1870 ప్రాంతమున పూర్తియైనది. సుంకేసుల యొద్ద తుంగభద్రనుండి బయలుదేరి, నంద్యాల, ఆళ్లగడ్డ పొలములకు నీరిచ్చుచు కడపవరకు సాగునది. ఇటలీ కాలువలనుగూర్చియు, మన నదుల పనులనుగూర్చియు వ్రాసిన ఇంజనీరు ఒకడు కలడు. రిచర్డు బేర్డ్ స్మిత్ అను నాతడు కుంపిణీవారి పనుపున పియెడ్మాంటు, లొంబార్డీ కాలువలను పరిశీలించి యొక గొప్ప నివేదిక వ్రాసెను. తరువాత 1856లో మన గోదావరి, కృష్ణ, కావేరీ నదుల పనులనుగూర్చి మరియొక గ్రంథము ప్రకటించెను. ఇటలీ కాలువల విద్యకును తెలుగుసీమ కాలువల విద్యకును నడుమ ఇట్టి రాకపోకలుండెడివి.

అయితే మన రైతులు తొలుత ఆ కాలువనీరు ముట్టలేదు. నల్లరేగడిలో జొన్న, కొర్ర, ప్రత్తి పండించుకొనువారికి, పన్ను కట్టి నీరు పెట్టుకొనుట లాభమని తోచలేదు. కాలువ త్రవ్విన మద్రాసు ఇరిగేషను కంపెనీ అప్పులపాలైనది. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరవు కర్నూలు జిల్లాను స్మశానముగా జేసెను. 1882లో ప్రభుత్వమువారు కాలువను కొనివేసిరి. పిమ్మట మెల్లమెల్లగా వరి విస్తరించినది. నేడు దాని ఆయకట్టు సుమారు 2.65 లక్షల ఎకరములు. నంద్యాలలో 1906లో వ్యవసాయ పరిశోధనస్థానము వెలసినది. నంద్యాల సోనా యను వరి అక్కడనే పుట్టినది. బాపట్లనుండి 1986లో వచ్చిన సాంబ మసూరి, కర్నూలు సోనా యను పేర మన యంగళ్లలో నిలిచినది.

ఒక్క యేటనే కాలువలు మొదలుపెట్టిన యీ రెండు సీమలవారు రెండు విధముల బియ్యమును కోరుకొనిరి. ఏల? మనము అన్నము వేరుగా, పప్పు వేరుగా, పులుసు వేరుగా వండి, విస్తరిలో చేతితో కలుపుకొందుము. కావున మెతుకు మెతుకున కంటరాదు. వారు రసమును, మాంసమును, అన్నమును ఒక్క కుండలోనే కలిపి వండుదురు. కావున గింజ తనలోని పిండిని రసమునకు విడువవలెను. బియ్యపు పిండిలో అమైలోజు, అమైలోపెక్టిను అని రెండు భాగములున్నవి. మొదటిది హెచ్చుగా నున్న బియ్యము పొడిపొడిగా నుండును. రెండవది హెచ్చుగా నున్నది జిగురుగా నుండును. ఆర్బోరియోకన్న మన సోనాలో మొదటి భాగము హెచ్చు.

ఇప్పుడు నేను చెప్పదలచిన ముఖ్యవిషయము వినుడు. రిసొట్టోలో వెన్నవలె కనబడు ఆ చిక్కదనము మీగడవలన వచ్చునది కాదు. అది గంజి. మనము బియ్యమును రెండుమూడు మారులు కడిగి, ఆ నీరు కుడితితొట్టిలో పోసి, ఉడికినపిమ్మట గంజి వార్చి, తేటపడిన అన్నమును తిందుము. వారు బియ్యమును కడుగరు, వార్చరు. మనము కుండనుండి తీసివేయుదానినే వారు వంటకమునకు ప్రాణముగా నెంచుదురు. అట్లని వారి విద్య మన కెరుక లేనిది కాదు. మన సంగటి యేమి? నూకలను గంజి వార్చకయే ఉడికించి, రాగిపిండి చల్లి, తెడ్డుతో గెలికి ముద్ద చేయుదుము. నాటుకోడి పులుసుతో తిందుము. సంగటియు రిసొట్టోయు అన్నదమ్ములు. ఒకటి గట్టిపడినది, ఒకటి జారుచున్నది, అంతియే భేదము.

ఇక పాత్ర చరిత్ర. 1679లో డెనిస్ పపేన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లండనులో ఆవిరి బిగించిన ఇనుపపాత్ర నొకదానిని కనిపెట్టెను. ఎముకలనుగూడ మెత్తపరచి పేదలకు ఆహారము చేయవలెనని యాతని తలంపు. ఆవిరి హెచ్చి పాత్ర పగులకుండ బరువుతో నొక్కియుంచిన రక్షణ కవాటమును నాతడే యమర్చెను. మన దేశమున 1910లో ఇందుమాధవ మల్లిక్ అను వంగీయుడు ఇక్మిక్ కుక్కరును చేసెను. 1959లో ప్రెస్టీజి, హాకిన్సు కుక్కరులు దేశమున బయలుదేరినవి. జపానువారు 1955లో తోషిబా విద్యుత్ అన్నపుకుండను అమ్మిరి. 2010లో కెనడానుండి ఇన్‌స్టంట్ పాట్ వచ్చి విద్యుత్ ప్రెషర్ కుక్కరును లోకప్రసిద్ధము చేసినది. వీనిలో ప్రెషర్ కుక్కరులన్నిట సూత్రమొక్కటే: మూత బిగించినచో నీరు 100 డిగ్రీలకు మరగి ఆవిరియై పోక, ఇంచుమించు 115 డిగ్రీల వేడి నందుకొనును, వంట త్వరగా నగును. విద్యుత్ పాత్రలో వేడిని తానే కొలుచుకొని, తానే తగ్గించుకొను యంత్రముండును. ఈలలు లెక్కించు పని లేదు.

వండు విధము చెప్పెదను. మన బియ్యముతో చేయదలచినచో క్రొత్తబియ్యము తీసికొనుడు. క్రొత్తబియ్యపన్నము ముద్దయగునని మీరు విసుగుకొందురు గదా, ఇచ్చట ఆ దోషమే గుణము. పాత్రలో వెన్న వేసి, సన్నగా తరిగిన ఉల్లి, వెల్లుల్లి మెత్తపడనిచ్చి, ఎముక తీసిన కోడిమాంసపు చిన్నముక్కలు వేసి తెల్లబడువరకు వేపుడు. పిదప కడుగని, శుభ్రముగా ఏరిన బియ్యము నొక సోలెడు పోసి రెండు నిమిషములు వేపి, రెండున్నర సోలల వేడి కోడిరసము, ఉప్పు, మిరియాలపొడి చేర్చుడు. అడుగంటినది గీకి కలిపి, మూత బిగించి, హెచ్చు ఒత్తిడిమీద ఆరు నిమిషములు ఉంచుడు. తరువాత గరిటెకొనతో, ముఖమునకు దూరముగా, ఆవిరి విడువుడు. ఆ విడుపులో రసము కుతకుతలాడి గింజలు ఒండొంటితో రాచుకొనును. గంజి పైకి వచ్చును. మూత తీసి రెండు నిమిషములు గెలికి, వెన్నయు, తురిమిన చీజును, ఇష్టమున్న రెండు గరిటెల పాలమీగడయు కలుపుడు. ఇటలీవారు పోయు ద్రాక్షమద్యమునకు బదులు ఒక చెంచా నిమ్మరసము చాలును.

నాటుకోడి ఆరు నిమిషములలో ఉడుకదు. దానిని ముందు వేరుగా మెత్తగా ఉడికించి, ఆ రసముతోనే బియ్యము వండవలెను. పాత్ర సగమునకు మించి నింపరాదు. పొంగు గంజి కవాటమును మూసివేయును. మిగిలినదానిని సద్దియన్నమువలె రాత్రి బయట నుంచరాదు. మాంసము కలసిన అన్నము చెడును.

చివరగా శ్రమనుగూర్చి రెండు మాటలు. తెరచిన బాణలిలో రిసొట్టో వండువారు పదునెనిమిది, ఇరువది నిమిషములు కదలక నిలిచి, వేడిరసము గరిటెగరిటెగా పోయుచు గెలుకవలెను. మా తల్లి పొయ్యిముందు కూర్చుండి, ఊదుగొట్టముతో నిప్పు రాజేయుచు, పొగకు కన్నులు తుడుచుకొనుచు మా యందరికి వండి వడ్డించి, చివర చల్లబడిన అడుగన్నము తినెడిది. మా సీమలో నిది వింత గాదు. ఇంటింట నట్లే యుండెడిది. క్రొత్తపాత్ర నిలుచు శ్రమను, పొగను తీసివేసినది. కాని వండినవారు చివర తినుట యను ఆచారమును ఏ పాత్రయు తీసివేయజాలదు. అది మన చేతిలోనిది.

ఈ వంటకమునకు మాత్రము ఒక నియమము కలదు. దించిన పది నిమిషములకే అది బిగిసి ముద్దయగును. మొదటివారికి పాయసమువలె జారినది, చివరి వారికి గోడకు పూయు సున్నమగును. కావున దీనిని వండిన దినమున వండిన కోడలినిగూడ పిలిచి, అందరును ఒక్కమారు కూర్చుండి తినవలెను. పండ్లు కదలిన మనవంటివారికి మెత్తనన్నము హితమే. ఆమెకును అది వేడిగా నున్నప్పుడే అందినచో, ఆ వంట సార్థకమైనట్లు.