బొమ్మరైలు సంఖ్యల కథ

రైల్వే ఉద్యోగములు మనవారిలో అనేక కుటుంబములను ఖరగపురము వంటి పరప్రాంతములకు చేర్చినవి. అట్టి పాఠకులకు బొమ్మరైలు చరిత్రయు ఆసక్తి గొలుపునని మేము తలంచుచున్నాము.

పూర్వము పట్టాలలోని విద్యుత్తును హెచ్చించియు తగ్గించియు బొమ్మరైళ్లను నడిపెడివారు. ఒకే పట్టాలపై రెండు ఇంజనులున్నచో రెండును కదలెడివి. వేర్వేరుగా నడుపుటకు పట్టాలను ఖండములుగా విభజించి, ఖండమునకొక స్విచ్చి అమర్పవలసివచ్చెడిది.

1980 దశకమున జర్మనీలో బెర్న్డ్ లెంజ్ రూపొందించిన పద్ధతి ఈ చిక్కును విడదీసినది. అందు పట్టాలలో విద్యుత్తు ఎల్లప్పుడును ఉండును. ఆజ్ఞలు దానితోడనే సంకేతములై ప్రవహించును. ప్రతి ఇంజనులోని డీకోడరు తన సంఖ్యకు వచ్చిన ఆజ్ఞనే పాటించును. క్రొత్త డీకోడరుకు సాధారణముగా 3 అను సంఖ్య ఉండును. యజమాని దానిని మార్చి, ఇంజను ఎంత మెల్లగా వేగము పుంజుకొనవలెనో, ఎట్లు ఆగవలెనో కూడ అందు నమోదు చేయును.

అయినను తయారీదారుల సంకేతములు వేర్వేరుగా నుండెడివి. మార్క్లిన్ వారి మూడు పట్టాల రైళ్లది వేరొక సంకేతము. 1935లో స్థాపితమైన అమెరికా జాతీయ నమూనా రైలుమార్గ సంఘము లెంజ్ పద్ధతిని ఆధారముగా గైకొని, 1994లో ఉమ్మడి ప్రమాణములను ఆమోదించినది. వ్యాపారులు కలుపని దానిని వినోదప్రియుల సంఘమొకటి కలిపినది.

పట్టాలపై రైలున్న తావును తెలుపు పరికరములును, కంప్యూటరును తోడగుటచే, ఎదుటి ఖండము ఖాళీయగువరకు రైలు తానే ఆగి, పిదప సాగుట సాధ్యమైనది. 2001లో హాంబర్గు నగరమున తెరచిన మినియేచర్ వండర్‌ల్యాండు ఇట్టి నిర్వహణకు ప్రసిద్ధము.

ఉమ్మడి పట్టాలపై పరుగిడుచును ప్రతి ఇంజను తన సంఖ్యను నిలుపుకొనును. అన్యభాషల నడుమ తరతరములుగా కాపురమున్న మనకు ఈ ఏర్పాటు అపరిచితము కాదు.