తగలబెట్టమన్నా మిగిలిన పిశాచం

అక్టోబరు 31 హాలోవీన్. ఆ వారంలో చదవదగినదీ చూడదగినదీ ఏమిటని అడిగితే నేను రెండే పేర్లు చెబుతాను: బ్రామ్ స్టోకర్ నవల ‘డ్రాక్యులా’ (1897), మూర్నావ్ తీసిన మూకీ చిత్రం ‘నోస్ఫెరాటు’ (1922). ఈ రెంటి నడుమ ఒక కోర్టు తగాదా ఉన్నది. అది తెలియకుండా సినిమా చూడటం సగమే చూడటం.

స్టోకర్ 1912లో మరణించాడు. ఆ మరుసటి ఏడే అతని భార్య ఫ్లోరెన్స్, నవలకై అతడు రాసుకున్న చిత్తు కాగితాలను వేలంలో అమ్మివేసింది. తరవాత కొన్నేళ్ళకు బెర్లినులో ప్రాణా-ఫిల్మ్ అనే కొత్త కంపెనీ ఆమె అనుమతి లేకుండానే ఆ కథను సినిమాగా తీసింది. డ్రాక్యులాను ఓర్లోక్ అన్నారు, ఇంగ్లండును విస్బోర్గ్ అనే కల్పిత జర్మన్ పట్టణం చేశారు. దొంగ ఎవడైనా ఆనవాళ్ళు చెరుపుకుంటాడు. వీరు మాత్రం స్టోకర్ నవలే ఆధారమని టైటిళ్ళలోనే వేసుకున్నారు!

ఫ్లోరెన్స్ రచయితల సంఘం అండతో దావాకు దిగింది. కంపెనీ దివాలా తీసింది. ఇక డబ్బు రాదని తేలాక, ఆమె కోరినది సినిమా నాశనాన్నే. నెగెటివుతో సహా ప్రతులన్నిటినీ ధ్వంసం చేయాలని 1925లో జర్మన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. అయితే అప్పటికే దేశాలు దాటిన ప్రతులు ఆ తీర్పుకు చిక్కలేదు.

న్యాయం ఆ విధవరాలి పక్షానే ఉన్నదని నా నిశ్చితాభిప్రాయం. ఆమె గెలుపు సంపూర్ణం కానందుకు సంతోషించేవారిలోనూ నేనొకణ్ణి. ఈ రెంటికీ పొసగదు. పొసగించే ప్రయత్నమూ చేయను.

మరొక విశేషం. స్టోకర్ పిశాచం పట్టపగలే లండను వీధుల్లో సంచరించగలదు, శక్తి మాత్రం సన్నగిల్లుతుంది. చివరకు సూర్యాస్తమయ వేళ కత్తిపోట్లకు చస్తుంది. సూర్యకాంతి సోకి నశించడం మూర్నావ్ చిత్రం చేర్చినది. అటుపై సినిమాల్లో అదే పిశాచ ధర్మమై కూర్చున్నది.

చందమామలో బేతాళ కథలు చదివి పెరిగినవారికి ఒక చిన్న ముచ్చట: ఆ కథలను 1870లో ‘విక్రమ్ అండ్ ది వాంపైర్’ పేరిట ఆంగ్లంలో చెప్పిన రిచర్డ్ బర్టన్‌ను స్టోకర్ స్వయంగా ఎరుగును. మాట్లాడేటప్పుడు బర్టన్ కోరపన్ను బాకులా మెరిసేదని తరవాత రాసుకున్నాడు కూడా.

నవలంతా తేదీలు వేసిన దినచర్యలూ ఉత్తరాలే. మే 3న మొదలై, వేట నవంబరు 6న ముగుస్తుంది. అక్టోబరు 31న మీనా, వాన్ హెల్సింగ్ వెరెష్టి చేరుకుంటారు. కనుక మొదటి భాగం ముందే చదివి ఉంచుకుని, ఆ రోజు నుండి ఏనాటి పుటలు ఆనాడే చదవండి. సినిమాకు మాత్రం రంగులద్దిన పునరుద్ధరణ ప్రతినే వెతుక్కోండి. రాత్రి దృశ్యాలు పగటిపూట తీసి నీలిరంగు అద్దినవి. ఆ రంగు లేని ప్రతిలో ఓర్లోక్ మిట్టమధ్యాహ్నం శవపేటిక చంకన పెట్టుకుని ఊరేగుతున్నట్టుంటాడు.