అరుగు మీద చదరంగం, గడియారం ముందు చదరంగం

మన కోనసీమ అరుగుల మీద చదరంగం ఆడిన పెద్దలకు గడియారంతో పని ఉండేది కాదు. ఎత్తు వేసి, భోంచేసి వచ్చినా అవతలివారు కాచుకొని కూర్చునేవారు. ఆ అలవాటున్న మన సభ్యులు ఇప్పుడు మనవలతో ఫోన్‌లో మూడు నిమిషాల ఆటకు దిగితే, గెలవవలసిన ఆట కూడా టైము అయిపోయి ఓడిపోతున్నారు. బుద్ధి మందగించిందని దిగులుపడనక్కరలేదు. మహామహులకే ఈ చిక్కు వచ్చింది.

పోటీల్లో కాలానికి లెక్క పాతదే. 1861లో ఆండర్సన్, కోలిష్ ఇసుక గడియారాలు పెట్టుకొని, రెండు గంటలకు 24 ఎత్తుల చొప్పున ఆడారు. 1883లో లండన్ పోటీకి జంట గడియారాలు వచ్చాయి. నేటి ప్రపంచ ర్యాపిడ్ పోటీలో ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అదనం. బ్లిట్జ్‌లో 3 నిమిషాలు, ఎత్తుకు 2 సెకన్లు.

గుడివాడ ఆడపడుచు కోనేరు హంపి గారు పెరిగింది నిదానపు ఆటలో. తండ్రి అశోక్ గారు ఉద్యోగం మానుకొని మరీ నేర్పారు. (మనలో ఎందరం ఆ సాహసం చేసి ఉండేవాళ్ళం?) 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్. 2007లో 2600 రేటింగు దాటారు. కానీ నిదానపు ఆటలో ప్రపంచ కిరీటం అందలేదు; 2011లో చైనా అమ్మాయి హౌ యిఫాన్ చేతిలో ఓడారు.

కిరీటం వేగపు ఆటలో దక్కింది. బిడ్డ కోసం రెండేళ్ళు ఆటకు దూరంగా ఉండి తిరిగి వచ్చి, 2019 డిసెంబరులో మాస్కో ర్యాపిడ్ పోటీలో లీ టింగ్‌జీతో సమంగా నిలిచారు. తేల్చడానికి బ్లిట్జ్ పెట్టారు. మొదటి ఆట టైము చాలక ఓడారు. రెండోది గెలిచారు. మూడో ఆటలో నల్లపావులవారికి డ్రా అయినా గెలుపే. హంపి గారు నల్లపావులతో డ్రా చేసి గెలిచారు. 2024లో న్యూయార్క్‌లో మొదటి రౌండే ఓడి కూడా 11 ఆటల్లో 8.5 పాయింట్లతో మళ్ళీ విజేత అయ్యారు.

నా ఉద్దేశంలో కష్టమంతా ఒకచోటే ఉంది. నిదానపు ఆటలో మంచి ఎత్తు దొరికాక ఇంకా మంచిది వెతకాలి. వేగపు ఆటలో దొరికినదాన్ని వేసెయ్యాలి, మిగిల్చిన నిమిషాలు చివర్లో వాడుకోవాలి. చేతికి పట్టిన అలవాటు అంత సులువుగా వదలదు.

2025 జులైలో బటూమిలో ప్రపంచకప్ ఫైనల్. దివ్య దేశ్‌ముఖ్‌తో రెండు క్లాసికల్ ఆటలూ డ్రా. ర్యాపిడ్‌లో మొదటిది డ్రా. రెండోదానిలో టైము తక్కువై హంపి గారు పొరపడ్డారు, దివ్య గెలిచింది. హంపి గారు గ్రాండ్‌మాస్టర్ అయిన మూడేళ్ళకు పుట్టిన పిల్ల ఆమె!

ఇక మన సభ్యులు ఈసారి మనవణ్ణి, ఎత్తుకు పది సెకన్లు కలిసే ఆట పెట్టమని అడిగి చూడండి.