ఆవులింతకు శిక్ష ఎందుకు?

నేను తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో, ఒక మధ్యాహ్నం సాంఘికశాస్త్రం క్లాసులో నా పక్కన కూర్చున్న కుర్రవాడు పెద్దగా ఆవులించాడు. మేష్టారు పాఠం ఆపి వాణ్ణి బెంచీ ఎక్కించారు. "నా పాఠం అంత విసుగ్గా ఉందిరా?" అని అడిగారు. "లేదండీ, దానంతట అదే వచ్చిందండీ" అన్నాడు వాడు. ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. గంట కొట్టేవరకు వాడు నిలబడే ఉన్నాడు. ఈలోగా వాణ్ణి చూస్తున్న మాలో నలుగురైదుగురం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవులించాం.

ఆవులింత ఆవులించేవాడి తప్పేనా? ఈ ప్రశ్నకు చాలా పాత చరిత్ర ఉంది.

రోమ్ నుంచి ఇల్లినాయ్ వరకు

క్రీ.శ. రెండో శతాబ్దానికి చెందిన రోమన్ రచయిత ఆలస్ గెల్లియస్ ఒక సంఘటనను నమోదు చేశాడు. ప్రాచీన రోమ్‌లో పౌరుల నడవడిని విచారించే అధికారులను సెన్సార్లు అనేవారు. ఒక వ్యక్తి మిత్రుడికి సాయంగా వారి ముందుకు వచ్చి, అక్కడే బిగ్గరగా ఆవులించాడు. అది నిర్లక్ష్యానికి, మనసు పనిమీద లేదనడానికి గుర్తని భావించిన అధికారులు అతన్ని శిక్షించబోయారు. ఎంత ఆపుకున్నా ఆగలేదనీ, తనకు ఆవులింతల జబ్బు ఉందనీ అతను ప్రమాణం చేశాక గానీ వదిలిపెట్టలేదు.

ఇది ఏనాటి మాటో కదా అనుకోకండి. 2009లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, కోర్టులో కూర్చుని బంధువు కేసు వింటున్న ఒకతను బిగ్గరగా ఆవులించినందుకు కోర్టు ధిక్కారం కింద ఆరు నెలల జైలు శిక్ష పడింది. కావాలనే అల్లరి చేశాడని ప్రభుత్వ న్యాయవాదులు అన్నారు. మామూలు ఆవులింతేనని కుటుంబం వాళ్ళు అన్నారు. దాదాపు మూడు వారాల తరువాత అతను విడుదలయ్యాడు.

చిటిక, చేతిరుమాలు

మన ఇళ్ళలో చంటిపిల్లలు ఆవులిస్తే అమ్మమ్మలు వాళ్ళ నోటి ముందు చిటికలు వేస్తారు. పెద్దవాళ్ళు తామే చిటిక వేసుకుని దేవుణ్ణి తలుచుకుంటారు. శ్రీరాముడు ఆవులించినప్పుడల్లా చిటిక వేసే సేవను హనుమంతుడు అడిగి తీసుకున్నాడని జనంలో ఒక కథ కూడా ఉంది. తెరుచుకున్న నోటిలోనుంచి ప్రాణం బయటికి పోతుందేమో, చెడ్డదేదైనా లోపలికి పోతుందేమో అనే భయం ఈ ఆచారాల వెనుక కనబడుతుంది. మహాభారతం ఉద్యోగపర్వంలో ఇంద్రుణ్ణి వృత్రాసురుడు మింగేస్తాడు. అప్పుడు దేవతలు ఆవులింతను సృష్టిస్తారు. వృత్రుడు ఆవులించగానే ఇంద్రుడు బయటపడతాడు. ప్రాణులకు ఆవులింత అప్పటినుంచే అబ్బిందని ఆ కథ చెబుతుంది.

అయితే మన ప్రాచీన వైద్యగ్రంథం ఈ భయాల జోలికి పోకుండా విషయాన్ని తిన్నగా చెప్పింది. చరక సంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయంలో ఆపుకోకూడని సహజ వేగాలు 13 ఉన్నాయి. మలమూత్రాలు, తుమ్ము, ఆకలి, దప్పిక, నిద్రలతోపాటు ఆవులింత కూడా అందులో ఒకటి. ఆ తరువాతి అధ్యాయంలో మంచి నడవడిని చెబుతూ, నోరు కప్పుకోకుండా ఆవులించకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు అంటుంది. అంటే ఆవులింతను ఆపుకోవద్దు, నోటికి మాత్రం అడ్డం పెట్టుకోమని. ఆపుకుంటే వణుకు, తిమ్మిరి వంటివి వస్తాయని కూడా అందులో ఉంది. ఈ మాటకు నేటి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు.

ఇతర సంప్రదాయాలూ ఇంచుమించు ఇక్కడికే చేరాయి. ఇస్లాం సంప్రదాయంలో ఆవులింతను వీలైనంత ఆపుకోవాలనీ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలనీ నియమం ఉంది. ఐరోపాలో ఎరాస్మస్ 1530లో బాలుర మర్యాదల మీద ప్రచురించిన లాటిన్ పుస్తకం చేతిరుమాలో అరచెయ్యో అడ్డం పెట్టుకుని, ఆపైన సిలువ గుర్తు వేసుకోమంది. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ చిన్నతనంలో రాసుకున్న మర్యాద సూత్రాలలో ఆవులిస్తూ మాట్లాడకూడదనీ, పక్కకు తిరగాలనీ ఉంది.

ప్రయోగశాలలో ఆవులింత

రక్తంలో ఆక్సిజన్ తగ్గితే ఆవులింత వస్తుందని చాలాకాలం పాఠ్యపుస్తకాలు చెప్పాయి. అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ప్రొవైన్ 1987లో సహచరులతో కలిసి దీన్ని పరీక్షించాడు. విద్యార్థులచేత ఒకసారి స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను, మరోసారి 3 శాతం, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలిని పీల్పించాడు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైనప్పుడు శ్వాస వేగం పెరిగింది గానీ ఆవులింతలు పెరగలేదు. స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో అవి తగ్గనూ లేదు. మెదడును చల్లబరచడానికే ఆవులింత వస్తుందనే ప్రతిపాదన 2007లో వచ్చింది. దానిమీద చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

మరి విసుగు సంగతి? మా మేష్టారి అనుమానం పూర్తిగా తప్పు కాదు. టెలివిజన్ తెర మీద కదలని రంగుల పట్టీలను చూసిన విద్యార్థులు, పాటల వీడియోలు చూసినవారికంటే ఎక్కువగా ఆవులించారని ప్రొవైన్ మరో ప్రయోగంలో గమనించాడు. కానీ పరుగుపందేనికి సిద్ధంగా నిలబడ్డ క్రీడాకారులూ ఆవులిస్తారు. వాళ్ళకు విసుగు ఎక్కడిది? తల్లి గర్భంలోని శిశువు కూడా ఆవులిస్తుందని అల్ట్రాసౌండ్ పరీక్షల్లో కనబడింది. దానికి వినవలసిన పాఠమే లేదు! కాబట్టి విసుగు ఆవులింతకు ఒక కారణం మాత్రమే. ఆవులింతను బట్టి ఎదుటివాడి మనసును తేల్చి చెప్పలేం.

ఇక అంటుకోవడం సంగతి. "ఆవులింతకు అన్న ఉన్నాడు గానీ తుమ్ముకు తమ్ముడు లేడు" అనే మన సామెత ప్రయోగశాలలో నిజమని తేలింది. ఆవులింతల వీడియో చూపిస్తే చూసినవారిలో సగానికి పైగా ఆవులించారు. ఇంకో విచిత్రం ఉంది. ఆవులించే ముఖంలో నోటిని కనబడకుండా చేసి చూపించినా ఆ ప్రభావం తగ్గలేదు. నోరు ఒక్కటే చూపిస్తే అంత ప్రభావం లేదు. అంటే కళ్ళు చిట్లించడం, ముఖకవళికలు చాలు. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్యాదే గానీ ఆవులింత పక్కవాడికి అంటకుండా ఆపే సాధనం కాదు. ఆనాడు మా క్లాసులో జరిగింది అదే.

మర్యాద ఎవరికి?

ఆవులింత వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోండి, తల కాస్త పక్కకు తిప్పుకోండి, శబ్దం చేయకండి. అంతవరకు మీ చేతిలో ఉన్న పని. ఆవులింత రావడమనేది మీ చేతిలో లేదు. అందుకే ఎదుటివారు ఆవులిస్తే దాన్ని అవమానంగా తీసుకోకపోవడం కూడా మర్యాదే. రోజంతా ఆవులింతలు వస్తూంటే నిద్ర చాలుతోందో లేదో చూసుకోండి. నిద్ర చాలినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి.

మా బెంచీ మీద నిలబడ్డ కుర్రవాడు రోజూ తెల్లవారకముందే లేచి, ఇంటింటికీ పాలు పోసి బడికి వచ్చేవాడని మాకు ఆ తరువాత ఎప్పుడో తెలిసింది. ఆ మధ్యాహ్నం మేష్టారు వాణ్ణి ఆ సంగతి అడగలేదు. పక్కన కూర్చున్న మేమూ అడగలేదు.