తోలుకు తగిన కుట్టుమిషను

కుట్టుమిషను అనగానే మనకు దర్జీ, బట్టలు గుర్తుకు వస్తాయి. నిజానికి పేటెంటు పొందిన మొదటి కుట్టుమిషను ముఖ్యంగా తోలు కోసం తలపెట్టింది. లండనులో బీరువాలు, మేజాలు చేసే థామస్ సెయింట్ అనే పనివాడు 1790లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన నమూనాలో ముందుగా ఒక ఆరె దిగి తోలుకు బెజ్జం పెడుతుంది. ఆ వెనుకనే కొసన గాడి ఉన్న సూది వచ్చి దారాన్ని బెజ్జంలోకి తోస్తుంది. ఒకే దారంతో గొలుసుకుట్టు పడుతుంది. ఆ పేటెంటు కాగితాల్లో జోళ్ళు, వార్నీషుల సంగతులు కూడా కలిసి ఉండడం వల్ల కాబోలు, ఎనభై ఏళ్ళకు పైగా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1873లో న్యూటన్ విల్సన్ వెలికితీసి, ఆ బొమ్మల ప్రకారం ఒక మిషను చేయించాడు. కొన్ని మార్పులు చేస్తేగాని అది కుట్టలేదట!

సెమిలిగుడలో ఇంటిపట్టున కూర్చుని పర్సో, సంచో, బెల్టో సరదాగా కుట్టుకుందామనుకునే మీకు ఈ పాత కథ ఎందుకు? ఎందుకంటే, సెయింట్ ఆరెను వేరుగా, సూదిని వేరుగా పెట్టడంలోనే తోలు స్వభావమంతా ఉంది. బట్టలో సూది దిగితే పోగులు పక్కకు జరిగి దారి ఇస్తాయి, సూది తీస్తే మళ్ళీ దగ్గరవుతాయి. తోలు జరగదు. దాన్ని చీల్చుకుని పోవాలి. ఒకసారి పడిన బెజ్జం మరి పూడదు. బట్ట మీద వంకరపోయిన కుట్టు విప్పి మళ్ళీ వేసుకోవచ్చు. తోలు మీద అయితే ఆ ముక్కే పాడైనట్టు లెక్క. అందుకని మిషను ఎన్నుకోవడంలో తొందర పనికిరాదు.

రోడ్డు పక్కన చెప్పులు కుట్టేవారి చేతిలోని ఆరెను ఒకసారి గమనించండి. కొసన చిన్న కొక్కెం ఉంటుంది. పైనుంచి గుచ్చి, అడుగున ఉన్న దారాన్ని ఆ కొక్కేనికి తగిలించి పైకి లాగుతారు. అలా వచ్చిన ఉచ్చులోంచి రెండో కొసను దూర్చి బిగిస్తారు. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవే పేటెంటు పొందిన మిషనులో జరిగేదీ దాదాపు ఇదే. మొన దగ్గర కన్ను ఉన్న సూది ఒక దారాన్ని ముక్కలోంచి దాటిస్తుంది, షటిల్ రెండో దారాన్ని ఆ ఉచ్చులోంచి నడిపిస్తుంది. 1851లో ఐజాక్ సింగర్ తన మిషనుకు పేటెంటు పొందాడు. 1854లో అలెన్ విల్సన్ పళ్ళ అమరిక కనిపెట్టాడు. పళ్ళు అడుగునుంచి పైకి లేచి, ముక్కను ముందుకు జరిపి, కిందికి దిగి వెనక్కు పోతాయి. ఇవాళ్టి ఇంటి మిషన్లు కూడా దాదాపుగా ఆ పద్ధతిలోనే నడుస్తాయి.

తోలుకు చిక్కు వచ్చేది సరిగ్గా ఇక్కడే. పళ్ళు కింది పొరను పట్టుకుని లాగుతాయి. పై పొర పాదానికి అంటుకుని వెనకబడుతుంది. కుట్టు చివరికి వచ్చేసరికి రెండు పొరల అంచులు కలవవు. అడుగున పళ్ళ గాట్లు కూడా పడతాయి. కాబట్టి మోటారు ఎంత బలమైనదని అడగడం కన్నా, ఈ మిషను ముక్కను ఎలా జరుపుతుందని అడగడం మేలు.

చెప్పులు బాగుచేసేవారి కోసం వచ్చిన సింగర్ 29 వరస మిషన్లు దీనికి ఒక జవాబు చెప్పాయి. వాటిలో పాదమే పైనుంచి ముక్కను పట్టుకుని జరుపుతుంది. ఆ పాదాన్ని ఏ దిక్కుకైనా తిప్పుకోవచ్చు. చేయి సన్నగా, పొడుగ్గా ఉంటుంది కనుక జోడు లోపలికీ దూరుతుంది. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకులో తయారైనవి 29కె. ఆ కర్మాగారం 1980లో మూతపడింది. రెండో జవాబు, సూది, పై పాదం, కింది పళ్ళు మూడూ కలిసి అడుగు వేసే మిషను. దీన్ని వాకింగ్ ఫుట్ మిషను అని అడిగితే ఇస్తారు. అయితే ఆ పేరుతో అమ్మే అన్నిటిలోనూ సూది ముక్కతో పాటు కదలదు. కదులుతుందో లేదో చక్రం చేత్తో తిప్పి, కళ్ళతో చూసుకోండి.

ఇక మన వైపు సంగతి. కోరాపుట్ ప్రాంతం 1936 వరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలోదే. ఆ రాజధానిలో తోలు అంటే జోళ్ళే కాదు, నీళ్ళు కూడా. బావిలోంచి నీరు తోడే మోటబొక్కెన తోలుదే కదా. తెలుగునాట తంగేడు చెక్కతో తోలు ఊని, మోటలూ వార్లూ చెప్పులూ కుట్టింది మాదిగలు. 1903లో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ క్రోము పద్ధతిలో తోలు పదును చేసే ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆ తోలు నీటికి బాగా ఓరుస్తుంది కనుక మోటలకు పనికివస్తుందని ఆయన ఆశ. తరువాత పంపుసెట్లు వచ్చి మోటలు పోయాయి. 1930లలో కలకత్తా దగ్గర బాటానగర్ వెలిసి, కర్మాగారపు జోళ్ళు ఊళ్ళకు చేరాయి. అంత పనితనమూ చాలాచోట్ల రోడ్డు పక్క మరమ్మత్తుకు దిగింది. రైతుకు నీళ్ళు అందించిన చేతులను ఊరి వెలుపల ఉంచింది కూడా ఈ తోలు పేరు చెప్పే. ఇవాళ అదే పని మనకు సరదా. ఈ మాట దాటవేసి తోలుపని చరిత్ర చెప్పడం నాకు న్యాయంగా తోచదు. దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఫారంలో గాంధీగారు చెప్పులు కుట్టడం నేర్చుకున్నారు. యంత్రాలంటే అంతగా ఇష్టపడని ఆయన 1924లో సింగర్ కుట్టుమిషనుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు.

సరే, మీ మిషను. ముందు మీరు కుట్టదలచిన వాటిలో అన్నిటికంటే దళసరి అతుకును కొలవండి. ఒక మిల్లీమీటరు మెత్తని తోలు రెండు పొరలైతే, ఇనుముతో చేసిన పాత నల్ల ఇంటి మిషను చాలు. తోలు సూది 100 గాని 110 గాని వేసి, చేత్తో తిప్పుతూ కుట్టండి. 110 అంటే సూది లావు 1.1 మిల్లీమీటర్లు. సంచుల పట్టీలు, నాలుగైదు మిల్లీమీటర్ల అతుకులు అయితే మూడూ కలిసి నడిచే మిషనే కావాలి. మరమ్మత్తులకూ జోళ్ళకూ 29 వరస మిషను సాటిలేనిది. కానీ పొడుగాటి బెల్టు అంచు దానిమీద అందంగా రావడం కష్టం. దళసరి బెల్టులకైతే మిషనే వద్దంటాను. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు గుచ్చి చేత్తో కుట్టండి. ఆ కుట్టులో ఒక పోగు తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. మిషను కుట్టు తెగితే అక్కడినుంచి ఊడుతూ పోవచ్చు.

‘హెవీ డ్యూటీ’ అని అట్టపెట్టె మీద రాసి ఉంటే మురిసిపోకండి. ఇంటి మిషన్ల విషయంలో ఆ మాటకు కొలతంటూ ఏమీ లేదు. పాత కర్మాగారపు మిషన్లకు ఉండే క్లచ్ మోటారు చాలా వేగంగా తిరుగుతుంది. కాలు కాస్త బరువైతే కుట్టు పరుగెత్తుతుంది. వేగం తగ్గించుకునే సర్వో మోటారు అయితే ఒక్కొక్క కుట్టూ వేసుకోవచ్చు.

పాత మిషను కొంటుంటే మీ తోలు, మీ దారం వెంట తీసుకువెళ్ళండి. దుకాణంలోని పలుచని ముక్క మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది. సూది కడ్డీని పక్కకు కదిపి వదులుందేమో చూడండి. బాబిన్లు, సూదులు దొరుకుతాయో లేదో విచారించండి. పక్కనే సునాబెడలో 1960ల నుంచి విమానాల ఇంజన్లు చేస్తున్నారు. అరిగిన ఇరుసును వేలితో తాకి చెప్పగలవారు మీకు తెలిసినవారిలో ఉంటే వెంటబెట్టుకుని వెళ్ళండి. ముక్క కుట్టాక వెనక్కు తిప్పి చూడండి. దారాల ముడి తోలు మధ్యలో దాగి ఉండాలి. అడుగున గుళ్ళుగుళ్ళుగా కనిపిస్తే పై దారం బిగువు సరిచేయించి మళ్ళీ కుట్టి చూడండి.

సుమారు మూడు వేల అడుగుల ఎత్తున్న ఈ పీఠభూమిలో వానాకాలం పొడుగు. మిషనుకు తుప్పు, తోలుకు బూజు తప్పవు. పని అయ్యాక సూది దగ్గర, షటిల్ దగ్గర ఒక్కొక్క చుక్క నూనె వేసి, పనికిరాని గుడ్డ మీద నాలుగు కుట్లు కుట్టి ఉంచండి. లేకపోతే మర్నాడు ఆ నూనె మరక మీ తోలు మీదే పడుతుంది.